నలభై ఏడో అట్ట

గద్వాలలో మగ్గాల వీధికి వెళ్లి పురాణం తిరుపతయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపించి, తీరిక ఉంటేనే వెళ్లమని కూడా చెబుతారు. ఆయన పురాణం చెప్పే పంతులేమీ కాదు. అందరిలాగే గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసేవాడే. కాకపోతే మగ్గం పక్క గూట్లో ఎర్రగుడ్డ అట్ట వేసిన లావుపాటి పురాణం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎవరింట్లో టీవీ మోగినా, ఎవరింటి ఆడవాళ్లు వారపత్రిక తిప్పినా ఆయన గుమ్మం ముందు ఆగి నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. ఆ నాలుగు మాటలకు గంట పట్టేది. అందుకని ఆయన సందు మలుపు తిరగగానే వీధిలో టీవీలన్నీ వాటంతటవే ఆగిపోయేవి.

ఆ మంచి మాటలకు మొదట బలైంది ఆయన భార్య నీలవేణే. నాలుగేళ్ల కిందట వారపత్రికలో సీరియల్ చదువుతూ ఆవిడ పప్పు మాడబెట్టింది. తిరుపతయ్య ఆ పప్పు మారడిగి మరీ తిని, చేయి కడుక్కుని, ఇకమీదట ఇంట్లో చిల్లర పుస్తకం కనబడకూడదని తీర్పు చెప్పాడు. నీలవేణి సరే అంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ మారు మాట్లాడకుండా సరే అన్నది ఆ ఒక్కసారే. మరొకడైతే అప్పుడే అనుమానపడేవాడు. తిరుపతయ్య మాత్రం తన మాటకు ఎంత బలముందోనని మురిసిపోయాడు.

ఆ తర్వాత ఆరు నెలలకు ఆయనే చెడిపోయాడు. వనపర్తి బస్సు కోసం చూస్తూ, కాళ్లు నొప్పి పుట్టి, బస్టాండు ఎదుట యోసేపు అద్దె పుస్తకాల దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక చేతికందిన పుస్తకం తీశాడు. అది డిటెక్టివ్ నిశాపతి నవల. మొదటి పేజీలోనే శవం. బస్సు వచ్చింది, పోయింది. తర్వాతి బస్సూ పోయింది. ఆ రోజు తిరుపతయ్య వనపర్తి వెళ్లనే లేదు.

ఆ మర్నాటి నుంచి ఎర్రగుడ్డ అట్టలో పురాణం లేదు. అది అటక మీద పాత దుప్పటి కప్పుకుని పడుకుంది. దాని చోట్లోకి నిశాపతి వచ్చాడు. నవల చిన్నది, అట్ట పెద్దది, తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా ఉండేది. అయినా దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది? నవలలో బావిలో శవం తేలిన చోట ఈయన హరిహరీ అంటే, ఎదురింటి అంజమ్మ గుమ్మంలో నిలబడి భక్తిగా చెంపలు వేసుకునేది.

అంతా బాగానే ఉంది గానీ, యోసేపు దగ్గర ఇంకెవరో మహానుభావుడు అవే నవలలు చదువుతున్నాడు. ఎవరో తెలియదు. నవలలో హంతకుడి పేరు మొదటిసారి వచ్చిన చోట ఆ మనిషి పెన్సిలుతో చిన్న గడి గీసి, గడిలో అడ్డంగా రెండు గీతలు కొట్టేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు. నాలుగో పేజీలో పాలు పోసి వెళ్లిపోయే మనిషి పక్కన గడి ఉందంటే, నూట అరవయ్యో పేజీలో నిశాపతి సంకెళ్లు వేసేది ఆ పాలవాడికే. మొదట్లో తిరుపతయ్యకు ఒళ్లు మండేది. పోను పోను భక్తి కుదిరింది. రిటైరైన జడ్జి అయినా అయ్యుండాలి, సర్కిల్ ఇన్‌స్పెక్టరైనా అయ్యుండాలని తేల్చుకున్నాడు.

“అంత బుర్ర ఉన్నోడు మన ఊర్ల ఉన్నడంటే గద్వాలకే ఇజ్జత్ యోసేపూ. ఆయనెవరో ఒక్కపారి చూపియ్యరాదు,” అని బతిమాలేవాడు.

యోసేపు పుస్తకాల దుమ్ము దులుపుతూ, “దవాఖానల డాక్టరు ఒకరి రోగం ఇంకొకరికి చెప్తడా తిరుపతన్నా?” అనేవాడు. యోసేపు మాట అంటే మాటే. ఆ నమ్మకం మీదే ఆ దుకాణం నడిచేది.

ఇది ఇలా ఉండగా రెండువేల నాలుగులో నీలవేణి ఒక పక్షిని గీసింది.

బీచుపల్లి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లినప్పుడు కృష్ణ ఒడ్డున తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు చూసి, ఇంటికొచ్చి గళ్ల కాగితం మీద ఆ పిట్టను గీసింది. ముక్కున ఒక గడ్డిపోచ పట్టుకుని గూడు నేయడానికి బయలుదేరిన గిజిగాడు. వీధిలో అందరి అంచుల మీదా హంసలూ నెమళ్లూ మామిడి పిందెలే. గిజిగాడిని ఎవరూ ఎక్కించలేదు. పైగా ఆ వీధిలో ఆడవాళ్లు దారం కండెలు చుట్టడమే గానీ బొమ్మ గీసినది లేదు.

చీర కొందామని వచ్చిన లలితమ్మ ఆ కాగితం చూసింది. ఆవిడ వనపర్తిలో కాలేజీ లెక్చరర్. ఈ అంచుతో నాకొక చీర నేయండి, ఆదివారం వచ్చి మగ్గం మీదే చూస్తాను, నచ్చితే మా కాలేజీలో మరో పదిమంది కట్టుకుంటాం అంది. ఆ పూట నుంచి తిరుపతయ్య కాళ్లు నేల మీద లేవు. నీళ్ల ట్యాంకరు దగ్గర, టీ కొట్టు దగ్గర, ఆఖరికి మంగలి కత్తి గొంతు మీదున్నప్పుడు కూడా ఒకటే మాట. “మా ఇంటామె గీసింది. ఇంకెవలు గియ్యలే. మా ఇంటామె.”

అంచు మీద బొమ్మ పడాలంటే మగ్గం పైన జకార్డుకు చిల్లుల అట్టలు తగిలించాలి. ఒక్కో పోగుకు ఒక్కో అట్ట. గిజిగాడికి మొత్తం తొంభై ఆరు. ముక్కు నుంచి వేలాడే గడ్డిపోచ మాత్రం ఒకే ఒక్క జరీ పోగు, దానికి నలభై ఏడో అట్ట. అంత సన్నగా గీయడమే నీలవేణి గొప్ప. అట్టలు కొట్టే వెంకటన్న చేత కొట్టించుకొచ్చి, ఆవిడే వాటి మీద నంబర్లు వేసి, వరసగా దారంతో దండలా కుట్టమని మొగుడికిచ్చింది.

తిరుపతయ్య కుట్టడానికి కూర్చున్నాడు. పక్కనే ఎర్ర అట్టలో కొత్త నవల, ‘తలుపు వెనక మూడో నీడ’. యోసేపు దగ్గరికి ఆ రోజే వచ్చింది, మొదట చదివేది ఈయనే. ఎక్కడా పెన్సిలు గడి లేదు. నాలుగు అట్టలు కుట్టి రెండు పేజీలు, మూడు అట్టలు కుట్టి నాలుగు పేజీలు చదువుతూ పోయాడు. నిశాపతి తలుపు గొళ్లెం మీద చేయి వేసిన క్షణాన నీలవేణి టీ పట్టుకొచ్చింది. ఈయన గబుక్కున చేతిలో ఉన్న అట్టను పేజీల మధ్య గుర్తుగా పెట్టి పుస్తకం మూసేశాడు. తర్వాత మళ్లీ తెరిచి, అట్టను వెనక పేజీల్లోకి జరిపి, ఆఖరుదాకా చదివేశాడు. హంతకురాలు మేనత్త.

మేనత్త అని ఆయన కలలో కూడా అనుకోలేదు. అయినా ఆ పెన్సిలు మహానుభావుడి కంటే తానేం తక్కువ? మొదటి అధ్యాయానికి వెనక్కి వచ్చి, మేనత్త తులసికి నీళ్లు పోసే చోట తనూ ఒక గడి గీసి లోపల రెండు గీతలు కొట్టాడు. చూసుకోనీ, ఊళ్లో ఇంకొక బుర్ర కూడా ఉందని తెలుసుకోనీ అనుకున్నాడు. ఆ ఊపులో మిగతా అట్టలు కుట్టేసి, ఎన్నున్నాయో చూసుకోకుండా, సాయంత్రం పుస్తకం యోసేపుకిచ్చి వచ్చాడు.

మంగళవారం నేత మొదలైంది. మెరూన్ పట్టు అంచు మీద మొదటి గిజిగాడు లేచాడు. రెక్కలు వచ్చాయి, తోక వచ్చింది, ముక్కు తెరుచుకుంది. ముక్కున ఏమీ లేదు.

తిరుపతయ్య మగ్గం ఆపి అట్టలు లెక్కపెట్టాడు. తొంభై ఐదు. నలభై ఆరు పక్కన నలభై ఎనిమిది. అట్ట ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. అన్నం పిలుపు వినకుండా బస్టాండుకు పరుగెత్తాడు.

నవల అద్దెకు పోయిందని యోసేపు చెప్పాడు. ఎవరికని అడిగితే మళ్లీ డాక్టరు సామెతే. ఎప్పుడొస్తదని అడిగితే, చదివినంక వస్తదన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నీలవేణి మగ్గం దగ్గర వంగి అంచు చూస్తోంది. “గిజిగానికి పోచ ఏదయ్యా?” అంది.

ఇప్పుడు నిజం చెబితే నాలుగేళ్ల పురాణం ఒక్క పూటలో పోతుంది. మాడిన పప్పు కథ తిరిగి వస్తుంది. వీధిలో టీవీలన్నీ ఒక్కసారి మోగుతాయి. తిరుపతయ్య ఒక అట్టను ఎలుక ఎత్తుకుపోయిందని చెప్పాడు.

“తొంభై ఆరింట్ల ఎలుకకు నలభై ఏడే దొరికిందా?”

“ఎలుకకు నంబర్లు చదవొస్తదా ఏందే?”

“వస్తదేమో. పురాణం ఇన్న ఎలుక గదా,” అని నీలవేణి అంజమ్మ ఇంటికి వెళ్లి, వాళ్ల బండ పిల్లిని అడిగి తెచ్చి మగ్గం కాలికి కట్టేసింది.

ఆ పిల్లి పుట్టి బుద్ధెరిగి ఎలుకను చూసిన పిల్లి కాదు. దానికి తెలిసినదల్లా పాలూ నిద్రా. అయితే దారం చూస్తే మాత్రం ప్రాణం లేచొచ్చేది. మొదటి రోజు మూడు కండెలు విప్పింది. రెండో రోజు, పోచ లేకుండానే నేత సాగుతుండగా, తాడు తెంపుకుని, అడ్డపోగు లాగుతూ అటూ ఇటూ ఆడుతున్న నాడె వెంట దూకి, పట్టు తప్పి గుంటలో తిరుపతయ్య ఒళ్లో పడింది. ఆయన పైకి లేవబోయి కాలు తాళ్లలో చిక్కుకుని అట్టల దండ మీదికి ఒరిగాడు. పిల్లి జరీ చుట్టుకుని బయటికి పరుగెత్తింది. వీధి చివరిదాకా దాని వెనక బంగారు దారం సాగింది. దాని వెనక తిరుపతయ్య పరుగెత్తాడు. ఎన్నడూ బయటికి రాని ముసలాళ్లు కూడా అరుగుల మీదికి వచ్చి చూశారు.

నీలవేణి మాత్రం రాట్నం ముందు నుంచి కదలలేదు. ఎలుక దొరికిందా అని అడిగింది.

ఇక కొత్త అట్ట కొట్టించడమే దారి అనుకుంటే, వెంకటన్న కోడేరులో చెల్లెలింటికి వెళ్లాడు, సోమవారం గానీ రాడు. లలితమ్మ వచ్చేది ఆదివారం. నేనే కొడతాను, ఇరవై ఏళ్ల నుంచి నేస్తున్న వాడిని, ఒక్క అట్టకు చిల్లులు పెట్టలేనా అన్నాడు తిరుపతయ్య. గళ్ల కాగితం కావాలా అని నీలవేణి అడిగింది. అక్కర్లేదు, బొమ్మ కళ్లలోనే ఉందన్నాడు. ఆవిడ మళ్లీ సరే అంది. రెండోసారి సరే అన్నప్పుడైనా ఆయన ఆలోచించవలసింది.

సుత్తీ మేకూ తీసుకుని ఒక పూటంతా కొట్టి, అట్టను దండలో కుట్టి, శనివారం నేశాడు. జరీ పోగు వచ్చింది. ముక్కు దగ్గర కాదు, రెండు వేళ్లు కిందికి జారి గొంతు దగ్గర వచ్చింది. మెరూన్ అంచు మీద గిజిగాడు గొంతులో కత్తి దిగి నోరు తెరుచుకుని ఉన్నాడు. తర్వాతి వాడి గొంతులోనూ కత్తే. మూడో వాడి గొంతులోనూ కత్తే. నిశాపతి వస్తే తప్ప తేలని వ్యవహారంలా ఉంది. విప్పడానికి పొద్దు లేదు. తిరుపతయ్య దాని మీద తన ఉత్తరీయం కప్పి, పొద్దు పోయేదాకా ఆ ఉత్తరీయం వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం లలితమ్మ మొదటి బస్సుకే వచ్చేసింది. వస్తూనే మగ్గం దగ్గరికి వెళ్లి ఉత్తరీయం తీసింది. కళ్లద్దాలు సవరించుకుని పోచ లేని మొదటి పక్షులను చూసింది, కత్తి దిగిన పక్షులను చూసింది. ఆవిడ ముఖంలో ఉత్సాహం పోయింది.

“కాగితం మీద చూసింది ఇది కాదు కదమ్మా,” అంది మెల్లగా. “పోనీలే, మొదటి బొమ్మ కదా. గీసే చెయ్యి ఇంకా తిరగాలి. ఈసారికి మామూలు హంసలే వెయ్యండి.”

నీలవేణి వంగి కండెల గంప సర్దుకుంది.

గుంటలో కూర్చున్న తిరుపతయ్యకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తన పరువు సంగతి ఆయనకు ఆ క్షణం గుర్తుకే రాలేదు. బీచుపల్లి నుంచి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి మెడ బయటికి పెట్టి ఆ గూళ్లను చూసిన నీలవేణి గుర్తొచ్చింది. నెల రోజులు కళ్లు నొప్పి పుట్టేలా గళ్లు నింపిన నీలవేణి గుర్తొచ్చింది. ఆయన గుంటలోనే లేచి నిలబడ్డాడు.

“మేడం, గీతల తప్పు లేదు. ఆమె చెయ్యి తిరిగినంత ఈ వీధిల ఎవల చెయ్యీ తిరగలే. తప్పు నాది. నలభై ఏడో అట్ట డిటెక్టివ్ నవలల పెట్టి, మర్సిపోయి, అద్దె దుకాణంల ఇచ్చొచ్చిన. ఎలుక లేదు, ఏం లేదు. ఆ ఎర్ర అట్టల పురాణం గూడ లేదు మేడం. మూడున్నర ఏండ్ల సంది లేదు.”

గుమ్మంలో పిల్లిని చంకనెత్తుకుని చూస్తున్న అంజమ్మ, ఇన్నాళ్లూ తాను చెంపలు వేసుకున్నది శవాలకా అని నోరు తెరిచింది. వీధి మొత్తానికి ఆ వార్త అందడానికి ఆవిడ ఇంటికి చేరేంత సేపు కూడా పట్టలేదు.

నీలవేణి గంపలో కండెలు ఒక పక్కకు జరిపింది. అడుగు నుంచి ‘తలుపు వెనక మూడో నీడ’ తీసింది. దాని వెనక పేజీల్లోంచి నలభై ఏడో అట్ట తీసి మొగుడి చేతిలో పెట్టింది.

“గీ మాట మంగళారమే చెప్తే పిల్లిని తెచ్చే పని తప్పుతుండె,” అంది. “నోరు తెరుస్తవేమోనని ఆదివారం దాక చూసిన.”

తిరుపతయ్య అట్టను చూశాడు, పుస్తకాన్ని చూశాడు, గంపను చూశాడు. కండెల గంపలో ఆయన పుట్టినప్పటి నుంచి చేయి పెట్టలేదు. కండె కావాలంటే చేయి చాపడమే, అది చేతిలోకి వచ్చేది. నవలలు దాచడానికి గద్వాల మొత్తంలో అంతకంటే మంచి చోటు లేదు.

“నువ్వు... ఎప్పటిసంది?” అన్నాడు.

“వారపత్రిక బంద్ చేసినవ్ సూడు, ఆ తెల్లారిసంది. నీకంటె ఆర్నెల్లు ముందు.”

లలితమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. నీలవేణి ఆవిడను కూర్చోబెట్టి, మొగుణ్ణి గుంటలోంచి లేపి టీ పెట్టమని పంపి, తాను గుంటలో దిగింది. మేకుతో కొట్టిన అట్ట తీసేసి అసలు అట్ట కట్టింది. ఎలా పడాలో లలితమ్మ పోల్చి చూసుకుంటుందని గళ్ల కాగితం తెప్పించి మగ్గం మీద పరిచింది. టీ గ్లాసులతో వచ్చిన తిరుపతయ్య ఆ కాగితం దగ్గర ఆగిపోయాడు. జరీ పడవలసిన ప్రతి గడిలోనూ రెండు గీతలు. చిన్న గడి, అందులో అడ్డంగా రెండు గీతలు. మూడున్నరేళ్లుగా ఆయన దండం పెట్టుకుంటున్న గడి అది. నెల రోజులుగా ఇంట్లో, ఆయన కళ్ల ముందే, వేలకు వేలుగా ఉంది.

“ఆ జడ్జి... నువ్వేనా?” అన్నాడు.

నీలవేణి నాడె ఆడిస్తూనే, “జడ్జి ఎవలో నాకు తెల్వదు. మేనత్త పక్కన ఎవలో దొంగ గడి పెట్టిండ్రు. ముందే తెల్సినోడైతే ఆ పొద్దంత ముద్ద మింగకుండ ఎందుకు కూసుంటడు?” అంది.

అంతలో నలభై ఏడో అట్ట తిరిగింది. ఒకే ఒక్క జరీ పోగు ముక్కు నుంచి దిగి మెరిసింది. గిజిగాడికి పోచ దొరికింది. లలితమ్మ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ఇందాకటి మాటకు నీలవేణి చేయి పట్టుకుని మన్నించమంది. పది చీరలు కాదు, పన్నెండు చెప్పింది.

తిరుపతయ్య సిగ్గుపడవలసిన రోజే అది. పడ్డాడు కూడా, కాదనలేం. కానీ ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరూ చుట్టూ చేరి ఏమయ్యా పురాణం అని ఎగతాళి చేస్తే, ఆయన ఛాతీ విరిచి ఒకటే మాటన్నాడు. “నాలుగో పేజీల హంతకుణ్ణి పట్టే మనిషి మా ఇంట్ల ఉన్నది. మీ ఇండ్లల్ల ఉన్నరా?”

చెడిపోయిన పక్షుల ముక్కను నీలవేణి కోసేసి, మళ్లీ మొదటి నుంచి నేయించింది. ఆ ముక్కను పారేయలేదు. నవలలకు అట్టగా కుట్టింది. పురాణం అటక దిగి తన ఎర్రగుడ్డలోకి తాను వచ్చింది. పక్కనే మెరూన్ పట్టు అట్టలో, గొంతులో బంగారు కత్తులు దిగిన గిజిగాళ్ల కాపలాలో నిశాపతి బహిరంగంగా ఉంటున్నాడు. వారపత్రిక కూడా మళ్లీ వస్తోంది.

ఒక్క షరతు మాత్రం ఉంది. ఏ నవలైనా మొదట చదివేది నీలవేణి. గడి పెట్టకుండా ఇస్తుంది, పాపం, ఆ మాత్రం దయ ఉంది. కానీ పన్నెండు చీరల పనిలో మొగుడు కాస్త చేయి ఆపి దిక్కులు చూశాడంటే చాలు, ఆవిడ రాట్నం తిప్పుతూ గొంతు సవరించుకుంటుంది.

“అవునయ్యా, గీ పుస్తకంల చంపింది ఎవలంటే...”

చెవులు మూసుకుందామంటే రెండు చేతులూ నాడె మీద, పారిపోదామంటే రెండు కాళ్లూ గుంటలో. తిరుపతయ్య మగ్గం టకటకా ఉరుకుతుంది. ఈ వయసులో ఇంత వేగం ఎక్కడిదని దారిన పోయేవాళ్లు అడుగుతారు. ఆయన తల ఎత్తకుండా, అంతా పురాణ మహిమ అంటాడు.